ముసలి చిలకను దారిలో పెట్టడం ఎలా? ఒక అనుభవజ్ఞుడి సలహాలు

నాకు పది వేళ్లున్నాయి. వాటిలో ఏడింటి మీద చిలక సంతకం ఉంది. కొరికే చిలకను దారిలో పెట్టడం గురించి చెప్పడానికి ఇంతకు మించిన అర్హత ఉన్నవాళ్లు బాన్సువాడలో ఎవరైనా ఉంటే రావచ్చు, పక్కకు జరిగి చోటిస్తాను. ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేశాను. హమాలీలతో, లారీ డ్రైవర్లతో, వడ్లలో తేమ ఎక్కువుందంటే మీదికొచ్చే రైతులతో నెగ్గుకొచ్చినవాణ్ని. గుప్పెడంత పిట్ట ఒక లెక్కా అనుకున్నాను. మీరూ అలాగే అనుకోండి. మొదటి మెట్టు అదే.

పిట్ట నాది కాదు, మా అక్కది. బోధన్‌లో ఇరవై రెండేళ్లు సాకింది. ఈకలు కూడా సరిగా రాని పిల్లను ఎవరో చెట్టు తొర్రలోంచి తీసి అంగట్లో అమ్ముతుంటే జాలిపడి కొన్నదట. (కొని జాలిపడేవాళ్లు ఉన్నంతకాలం తొర్రలో చేయి పెట్టేవాళ్లు ఉంటారని నాకు ఈ మధ్యే తట్టింది.) గంగారాం అని పేరు పెడదామనుకున్నారు గాని, మా జిల్లాలో వాకిట్లో నిలబడి గంగారాం అని పిలిస్తే నలుగురు మనుషులు పలుకుతారు. అందుకని మిట్టు అన్నారు. మొదట్లో ఆడపిల్ల అనుకుని గారాబం చేశారు. మూడో ఏడు మెడ చుట్టూ నల్ల గీత, దాని వెనక గులాబీ పట్టీ దిగేసరికి మగవాడని తేలింది. ఆడ రామచిలకకు ఆ పట్టీ రాదు. మగదానికైనా రెండు మూడేళ్లు నిండితేగాని రాదు.

బావ పోయాక అక్క హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. కూకట్‌పల్లిలో ఫ్లాటు. ఫ్లాటులో చిలకకు చోటు లేదన్నారు. నాకు వరండా ఉంది. "తమ్మీ, వాడు ఎవర్నీ ఏమనడు, పసిపిల్లగాని లెక్క" అని అప్పజెప్పి కళ్లు తుడుచుకుంది. పంజరానికి తువ్వాలు కప్పి రుద్రూరు మీదుగా బస్సులో తెచ్చాను. కండక్టరు తువ్వాలు ఎత్తి చూసి టికెట్ తీయమన్నాడు. 2024లో బెంగళూరు నుంచి మైసూరు పోయే బస్సులో నాలుగు పిట్టలకు 444 రూపాయల టికెట్ కొట్టిన వార్త నేనూ చదివాను కాబట్టి వాదన పెట్టుకోలేదు. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకిచ్చే ఉచితం ఏమన్నా వర్తిస్తుందా అని మాత్రం అడిగాను. "మెడకు పట్టీ కనవడ్తలేదా సార్, మగది" అన్నాడు. తెలిసినవాడు.

ఆ బస్సు దిగిన దగ్గర్నుంచి నేను కనిపెట్టిన పద్ధతులు ఇవి. కావాల్సినవాళ్లు వాడుకోండి. దూది, పసుపు దగ్గర పెట్టుకోండి.

దిగిన రోజే చేయి పెట్టండి

కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజే పెద్ద ఎవరో తెలియాలి. మిల్లులో కొత్త హమాలీకి అదే పద్ధతి, ఇంట్లో కొత్త అల్లుడికి కూడా. ఇల్లు మారిన చిలకను కొన్నాళ్లు దాని మానాన వదలాలనీ, మనం ఎడంగా కూర్చుని పేపరు చదువుకుంటుంటే అది మనల్ని చూసి చూసి అలవాటు పడుతుందనీ, పంజరం దాని ఇల్లు కాబట్టి అడగకుండా లోపలికి చేయి పెట్టకూడదనీ అనేవాళ్లున్నారు. వాళ్ల మాట వింటే వేళ్లు మిగులుతాయేమో గాని పెద్దరికం మిగలదు.

సాయంత్రం చాయ్ తాగి, చొక్కా చేతులు పైకి మడిచి, పంజరం తలుపు తీశాను. మిట్టు కదలకుండా నన్ను చూసింది. ముసలి రామచిలక కన్ను దగ్గర్నుంచి ఎప్పుడైనా చూశారా? లేత పసుపు రంగు వలయం, మధ్యలో నల్ల చుక్క. ఆ చుక్క ఆవగింజంత అయింది, మిరియమంత అయింది, మళ్లీ ఆవగింజంత అయింది. మెడ ఈకలు లేచాయి. తోక ఈకలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఇంక వెనక చువ్వలే ఉన్నాయి. నోరు కొద్దిగా తెరిచింది, గొంతులోంచి గరగరమని సన్నటి చప్పుడు. ఇదంతా స్వాగతం అనుకున్నాను. మీరూ అనుకోండి. వద్దు, రాకు, ఇక వెనక్కి పోవడానికి చోటు లేదు అని పిట్ట నాలుగు రకాలుగా చెబితే వినిపించుకునేవాడు మగాడెలా అవుతాడు?

ఐదోసారి వేలి మీద చెప్పింది. చిలక ముక్కు పైభాగం కొక్కెం, కింది భాగం ఉలి. కొక్కెంతో పట్టి ఉలితో తొలుస్తుంది. బాదంకాయ పెంకు తీసే పనిముట్టు అది. ఉంగరం వేలి కణుపు దాని ముందు ఎంత?

ఒక మాట ఒప్పుకోవాలి. ముక్కు ముందుకు చాచిన ప్రతిసారీ అది కరవడానికి కాదట. చిలకకు ముక్కు మూడో చెయ్యి. కొమ్మ మీదికి ఎక్కేముందు అది బరువు ఆపుతుందో లేదో ముక్కుతో పట్టి చూసుకుంటుంది. నా వేలిని కూడా ఒకసారి అలాగే పట్టి చూస్తే, కరుస్తుందని భయపడి గుంజుకున్నాను. ఊగే కొమ్మను, పారిపోయే కొమ్మను ఏ పిట్టా నమ్మదు. ఆ తర్వాత నిజంగానే కరిచింది. నా అంచనా ఎప్పుడూ తప్పలేదని దీన్నిబట్టి మీకు తెలుస్తుంది.

కరిచినప్పుడు వీధి మొత్తానికి వినబడాలి

"చచ్చాన్రా నాయనా!" అని అరవండి. ఎగరండి. చేయి విదిలించండి. ఇంటామె వంటింట్లోంచి పరుగెత్తి రావాలి, పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూడాలి. పిట్టకు సిగ్గు రావాలంటే జనం ఉండాలి.

మా మిట్టుకు రాలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చువ్వలు లెక్కపెట్టుకునే పిట్టకు, ముక్కు ఒక్కసారి ఆడిస్తే అరవై ఏళ్ల మనిషి గంతులేయడం, ఆడవాళ్లు రావడం, కుక్క మొరగడం. ఊళ్లోకి సర్కస్ వచ్చినట్టే. దానికి రెండు లాభాలు: భయపెట్టిన చేయి పోయింది, వినోదం వచ్చింది. వారం తిరిగేసరికి అది ఇంకో అడుగు ముందుకేసింది. నేను వరండాలోకి రాగానే, ఇంకా చేయి కూడా ఎత్తకముందే, అచ్చం నా గొంతుతో, నా యాసతో, "చచ్చాన్రా నాయనా!" అని మొదలుపెట్టింది. పాలవాడు నా క్షేమం అడగడం మానేశాడు.

ముసలి చిలకలు కొత్త మాటలు నేర్చుకోవని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. ఉత్సాహంగా, గట్టిగా, రోజూ అదే సందర్భంలో అన్న మాటను చిలక తొందరగా పట్టేస్తుంది. రామనామం నేర్పుదామని మూడు నెలలు నీరసంగా వల్లించాను, అది రాలేదు.

సెలవులకు నిజామాబాద్ నుంచి వచ్చిన మనవరాలు (ఇంటర్ బైపీసీ) ఒక ఉచిత సలహా పడేసింది. "తాతా, కరిస్తే అరవకు. మొఖం రాయిలెక్క పెట్టి మెల్లగ చేయి తియ్యి, ఇటు తిరిగి ఒక నిమిషం ఊకో. అసలు కరిచేదాంక పోనియ్యకు." రక్తం కారుతుంటే మొహం రాయిలా పెట్టడం బైపీసీలో ఏ పాఠమో నాకు తెలీదు.

శిక్ష వెయ్యండి, వెరైటీగా వెయ్యండి

ముక్కు మీద వేలితో కొట్టాను. వేలిని ముక్కు దగ్గరికి తీసుకెళ్లడం ఎంత తెలివితక్కువ పనో కొట్టాక తెలిసింది. చెంబులో నీళ్లు చిలకరించాను. ఎండాకాలం కావడంతో రెక్కలు విప్పి స్నానం చేసింది. నల్లగుడ్డ కప్పాను. లోపల్నుంచి బావ గొంతుతో దగ్గింది. పోయిన మనిషి దగ్గు విని మా ఇంటామె గుడ్డ తీసేదాకా ఊరుకోలేదు. చేతి మీద ఉన్నప్పుడు చేతిని ఊపాలనీ, కాళ్ల కింద నేల కదిలితే కరవడం మరిచిపోతుందనీ ఎవరో చెప్పారు. అది కరవడం మరిచిపోలేదు. చేతి మీదికి ఎక్కడం మరిచిపోయింది.

ఇక మిరపకాయ వైద్యం. ఇది నా సొంత ఆవిష్కరణ, అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

"సంటిపిల్లకు పాలు మాన్పియ్యాలంటే యాపాకు రాస్తరు గద" అంది మా ఇంటామె యథాలాపంగా. వేపాకు ఎందుకు, ఇంట్లో మంచి గుంటూరు కారం ఉంది. చెంచాడు కారంపొడిలో నాలుగు చుక్కల నూనె వేసి ముద్దగా కలిపి కుడిచేతి చూపుడువేలికి రెండు కణుపుల దాకా పట్టించాను. ఈ వేలిని ఒక్కసారి కరిచిందా, జన్మలో ఇంకే వేలినీ చూడదు. చువ్వల మధ్యలోంచి వేలు జొప్పించి నిలబడ్డాను.

మిట్టు పక్కకు పక్కకు జరుగుతూ వచ్చింది. తల వాల్చి వేలిని చూసింది. కరవలేదు. నాలుక బయటపెట్టింది. చిలక నాలుక మిగతా పిట్టల నాలుకలా సన్నగా ఉండదు, బొద్దుగా, మొద్దుగా, చిన్నపిల్ల బొటనవేలి కొసలా ఉంటుంది. దాంతో కారాన్ని అద్దింది. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గోరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, కణుపు మడతల్లో ఉన్నదాంతో సహా, పెళ్లి భోజనంలో పాయసం గిన్నె నాకినట్టు నాకేసింది. అయిపోయాక, అడుగున ఇంకేమన్నా ఉందేమోనని వేలిని పట్టి నొక్కి చూసింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకున్నాను. ఏ చేత్తో తుడుచుకున్నానో చెప్పక్కర్లేదనుకుంటాను. పంపు దగ్గరికి గోడలు తడుముకుంటూ పోతుంటే వెనక నుంచి నా గొంతే వినబడింది: "చచ్చాన్రా నాయనా!" ఆ పూట ఆ మాట నేననలేదు.

మిరప మంట పక్షులకు తెలియదట. ఆ మంటను పట్టుకునే తాళం మన నోట్లో ఉంది, ఎలుక నోట్లో ఉంది, కుక్క నోట్లో ఉంది. పిట్టల ఒంట్లో ఉన్న తాళానికి మిరప అనే ఆ చెవి పట్టదు. నమిలి గింజల్ని పిండిచేసే జంతువుల్ని దూరంగా తోలి, మింగి ఎక్కడో దూరాన విదిల్చే పిట్టలకు పండు అప్పగించడం మిరపచెట్టు ఎత్తు. (చిలక గింజల్ని కూడా కొరికేస్తుంది, చెట్టు లెక్కలోనూ ఎక్కడో పొరపాటు ఉన్నట్టుంది.) మిరపకాయ పెడితే చిలకకు మాటలు బాగా వస్తాయని మనవైపు అంతా పెడతారు, మా అక్క ఇరవై రెండేళ్లు పెట్టింది. మాటలకూ దానికీ సంబంధం లేదు. నేను శిక్ష అనుకున్నది దానికి పుట్టింటి వంట.

కారణం వెతకకండి

వయసు మీద పడితే చాదస్తం వస్తుంది, అంతే. ఇదే మా ఇంటామె నా గురించి అంటుంది కాబట్టి చిలకకూ వర్తిస్తుంది.

మనవరాలు వినలేదు. నోట్‌బుక్కులో గీతలు కొట్టి రిజిస్టర్ తెరిచింది: ఎన్ని గంటలకు, ఎవరిని, అంతకు ముందు ఏం జరిగింది, ఎటువైపు నుంచి చేయి పోయింది. రిజిస్టర్ అంటే నాకు మొదట్నుంచీ గౌరవం. పది రోజుల్లో పదకొండు కాట్లు. పదకొండింటిలో తొమ్మిది ఎడమవైపు నుంచి చేయి వెళ్లినప్పుడు.

ఎడమ అన్న మాట వినగానే నాకు విషయం తేటతెల్లమైంది. వాస్తు. పంజరం ఆగ్నేయంలో ఉంది, అగ్ని స్థానం, కోపం రాక ఏమవుతుంది? ఈశాన్యానికి మార్చాను. కరిచింది. తిప్పి పెట్టాను. కరిచింది. పంజరాన్ని ఎటు తిప్పినా చిలక ఎడమవైపు చిలకతోనే తిరుగుతుందన్న చిన్న సంగతి వాస్తు చెప్పినాయనకు గాని, ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన నాకు గాని తట్టలేదు.

మనవరాలు పశువుల దవాఖానకు తీసుకుపోదాం అంది. బర్రెల డాక్టరుకు చిలకేం తెలుస్తుందన్నాను. తీసుకుపోయాం. ఆయన గదిలో లైటు తీసేసి చిన్న టార్చి పక్కనుంచి వేశారు. కుడికన్ను నల్లగా మెరిసింది. ఎడమకంట్లో నల్ల చుక్క ఉండాల్సిన చోట పాలచుక్క. "శుక్లం. ఈ పక్కన దీనికేం కనబడ్తలేదు" అన్నారు.

చిలకకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఒక్కో కన్ను ఒక్కో సగం లోకాన్ని చూస్తుంది. ఒకటి పోతే సగం లోకం పోయినట్టే. ఆ సగంలోంచి, చెప్పాపెట్టకుండా, ఒక పెద్ద చెయ్యి ఊడిపడుతుంది, రోజుకు రెండుసార్లు. నేనైతే కట్టె అందుకునేవాణ్ని.

డాక్టరు ఇంకా చాలా చూశారు. ఇరవై రెండేళ్లు ఒకే లావున్న నున్నటి గుండ్రటి కర్ర మీద నిలబడడం వల్ల అరికాళ్లు ఎర్రగా ఒరుసుకుపోయాయి, కీళ్లు పట్టేశాయి. గోళ్లు వంకర తిరిగాయి. రోజూ పొద్దుతిరుగుడు గింజలే తినడం వల్ల కొవ్వు ఎక్కువ, విటమిన్ ఏ తక్కువ. నొప్పి ఉన్న పిట్ట కరుస్తుందట. ఇంకో సంగతి, పిట్టలు జబ్బును దాచుకుంటాయట. అడవిలో నీరసం బయటపెట్టిన పిట్ట ముందు డేగకు దొరుకుతుంది. అందుకని అది ఈకలు ఉబ్బించుకుని పగలు కునుకుతున్నదంటే జబ్బు మొదలై చాలా రోజులైనట్టే.

కర్ర తీసేసి వంకర టింకర జామకొమ్మ, వేపకొమ్మ పెట్టమన్నారు, ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా. మొలకెత్తిన పెసలు, క్యారెట్, మునగాకు, జామపండు. ఉప్పు, చాయ్, చాక్లెట్ వద్దు. అవకాడో అసలే వద్దు, అది చిలకకు విషం. (బాన్సువాడలో అవకాడో తిని చచ్చే చిలక ఎక్కడుందో చూడాలి. అయినా పిల్ల రాసుకుంది.) నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరికి పిట్టలు నిమిషాల్లో పోతాయన్నారు, వంటింటి పక్కనుంచి పంజరం జరిపాం. వారానికోసారి తూకం చూడమన్నారు. క్వింటాళ్లు తూచిన చేతులతో కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా మీద మిట్టును పెట్టి తూచాను. 118 గ్రాములు. అందులో కోపం ఎంతో విడిగా తేలలేదు.

టీవీ పక్కన పెట్టండి, కాలక్షేపంగా ఉంటుంది

రాత్రి పదిన్నర దాకా సీరియళ్లు, తర్వాత వార్తల్లో కొట్లాటలు. చిలకకు పది పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలట. చాలకపోతే మర్నాడు చిరచిర. నాకు ఆరు గంటలే సరిపోతుంది. ఇంటామెను అడిగితే నాకు చిరచిర లేదని చెప్పదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో సంగతి. మనవైపు రామచిలకలు జోడుకట్టి తొర్రలు వెతికే కాలం అది. వయసెంతైనా మగపిట్ట ఆ రోజుల్లో తన చోటు దగ్గరికి ఎవర్నీ రానీయదు. అప్పుడు మీరు చేయాల్సింది: చీకటిగా ఉండే అట్టపెట్టె ఒకటి పంజరంలో పెట్టి, వీపు మీద, రెక్కల కింద బాగా నిమరండి. పెళ్లి కుదిరిందనుకుంటుంది. వధువు మీరే. తర్వాత మీ భార్య దగ్గరికొస్తే ఆమె వేలికి పూచీ లేదు. నిమిరితే తల, మెడ మాత్రమే నిమరాలనే చాదస్తులతో నాకు పనిలేదు.

లంచం ఇవ్వకండి, చిలక్కి చెప్పినట్టు చెప్పండి

మన పెద్దలు ఊరికే అనలేదు. ఎవరికైనా ఓపిగ్గా బోధించామంటే "చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అంటాం. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో చిలక ఇల్లాలికి రాత్రికో కథ చెప్పి గడప దాటకుండా ఆపింది. అంత తెలివైన జాతికి నాలుగు ముక్కలు బుర్రకెక్కవా? కుర్చీ వేసుకుని రోజూ అరగంట చెప్పాను. పెట్టిన చేతిని కరవడం ఎంత పాపమో, అక్క ఎంత నమ్మి ఇచ్చిందో, ఆ జాతిలో పుట్టి ఈ పని ఏమిటో. ఒక కన్ను మూసుకుని విన్నది. ఆ కన్ను ఏదో అప్పటికి నాకు తెలీదు.

మనవరాలి పద్ధతి వేరు. నేను దాన్ని లంచం అంటాను. పొద్దున తిండి పెట్టకముందు ఐస్‌క్రీమ్ పుల్ల ఒకటి పట్టుకుని, ముందు "మిట్టూ" అని పిలిచి, కుడివైపు నుంచి, చువ్వలకు జానెడు దూరంలో ఆపింది. మిట్టు చూసింది. అంతే, "శభాష్" అని గిన్నెలో ఒక పొద్దుతిరుగుడు గింజ వేసింది. రోజంతా గిన్నెడు తినే గింజలు ఇప్పుడు పని చేస్తేనే, ఒక్కోటి. మూడో రోజు పుల్ల కొసను ముక్కుతో ముట్టుకుంది. శభాష్, గింజ. వారానికి పుల్ల ఎటు కదిలితే అటు నడిచింది. రెండు పూటలా ఐదేసి నిమిషాలు. మెడ ఈకలు లేచాయంటే పుల్ల దించి వెనక్కి జరిగేది. పిట్ట ఈక లేపితే మనిషి వెనక్కి జరగడమేమిటని నాకు వొళ్లు మండింది. "వాడు ఈకతోటి చెప్తే నేను విన్న. ఇంక ముక్కుతోటి చెప్పుడెందుకు?" అంది.

మిల్లులో లంచాలు నేనూ చూశాను. ఇంత తక్కువ రేటుకు ఇంత పని జరిగింది ఎక్కడా చూడలేదు.

పాత మనిషిని మరిపించండి

మిట్టు ఛాతీ మీద ఈకలు పీక్కోవడం మొదలుపెట్టాక నాకు వచ్చిన ఆలోచన ఇది. అక్కను తలుచుకుంటున్నదేమో, మరిచిపోవాలంటే గొంతు వినబడకూడదు. అక్క ఫోన్ చేసి "వానికి ఒకపారి వినిపియ్యి తమ్మీ" అంటే ఏదో సాకు చెప్పి పెట్టేసేవాణ్ని. ఏడు నెలలు అలా చెప్పాను.

ఒకరోజు నేను ఇంట్లో లేను. పిల్ల ఫోన్ స్పీకర్ పెట్టి పంజరం దగ్గర ఉంచిందట. నేను గేటు తీస్తుంటే అక్క గొంతు, "మిట్టూ, తిన్నవా బిడ్డా?" వినబడింది. మిట్టు కొమ్మ మీంచి కిందికి దిగి, చువ్వల్లోంచి తల బయటపెట్టి, చూపున్న కన్ను ఫోన్ వైపు తిప్పి నిలబడింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చిన్నగా, నేనెప్పుడూ వినని గొంతుతో, "తిన్న. తిన్న. నువ్వు తిన్నవా?" అంది. అటువైపు అక్క నుంచి జవాబు రాలేదు.

ఈ సలహా మాత్రం పాటించకండి.

చట్టం గురించి మాట్లాడితే మాట మార్చండి

లవ్‌బర్డ్ అని చెప్పండి. విదేశీ పిట్ట అని చెప్పండి. ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలకలకు కూడా 2024 నిబంధనల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు ఉండాలని ఎవరైనా అంటే చాయ్ పోయించండి. రామచిలక మన దేశపు అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. దేశీ పక్షుల వ్యాపారం మొత్తాన్నీ 1990–91లోనే ఆపేశారు. మా అక్క అంగట్లో జాలిపడేనాటికే చట్టానికి ముప్పై ఏళ్లు. జైలు మూడేళ్ల దాకా, జరిమానా లక్ష దాకా ఉండొచ్చు.

పూర్వజన్మలో చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకే రామదాసు గోల్కొండలో పన్నెండేళ్లు బందీగా ఉన్నాడని చెప్పుకుంటారు. ఆ లెక్కన అక్కకు ఇరవై రెండేళ్లు, నాకు ఇప్పటికి పది నెలలు. ప్రభుత్వమే నయం.

సరే, కల్కి చెరువు గట్టు మీద తలుపు తీసి వదిలేస్తే పుణ్యం, పీడా విరగడ. అదీ ఆలోచించాను. సాయంత్రం ఐదున్నరకు నిజాంసాగర్ కాలువ పొలాల మీంచి చిలకల గుంపు కీక్ కీక్‌మంటూ పోతుంటే మిట్టు మెడ చాచి చూస్తుంది కూడా. కాని ఇరవై రెండేళ్లలో గది దాటి ఎగరని రెక్కలు, ఒక కన్ను, పట్టేసిన కీళ్లు. తిండి ఎక్కడుంటుందో తెలీదు, డేగ నీడ ఎలా ఉంటుందో తెలీదు. వదిలితే మర్నాటి దాకా ఉండదు. అలాంటి పిట్టను వదలకూడదు, అటవీ శాఖకు చెప్పి అప్పగించాలన్నారు డాక్టరు.

రేంజ్ ఆఫీసుకు దరఖాస్తు రాశాను. రాసి పదిహేను రోజులైంది. చొక్కా జేబులో ఉంది. రోజూ చొక్కాతో పాటు అదీ మారుతోంది. ఈ నెల రిజిస్టర్‌లో కాట్లు రెండు, రెండూ నావే, రెండూ నేను తొందరలో ఎడమవైపు నుంచి పోయినప్పుడే. నిన్న పొద్దున మిట్టు పుల్ల వెంట నడుచుకుంటూ వచ్చి, ముక్కుతో నా మణికట్టును పట్టి చూసి, నేను కదలకపోయేసరికి ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టలేదు.

సోమవారం ఇస్తాను. అధికారి గారికి నమస్కరించి వ్రాయునది అన్న తర్వాత మొదటి వాక్యం ఇదీ: వాడికి ఎడమకన్ను కనబడదు, పేరు పెట్టి పిలిచి కుడివైపు నుంచి రండి.